చప్పుడైతే చెయ్యి తియ్

మా మావయ్య అద్దాలు కోసేవాడు. అమ్మకు తమ్ముడు, దుకాణంలో నాన్నకు భాగస్వామి. ముప్ఫై ఏళ్లలో ఆయన నేర్చుకున్న శాస్త్రమంతా ఒక్కటే ముక్క: చప్పుడైతే చెయ్యి తియ్. బిగిస్తున్న అద్దం చిటుక్కుమందంటే మరుక్షణం బరువు ఎత్తెయ్యాలి, లేకపోతే పలకా పోతుంది, వేలూ పోతుంది. ఈ సూత్రాన్నే తలుపు గడియకీ, డబ్బా మూతకీ, అమ్మతో తగువుకీ కూడా వాడేవాడు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం. అమ్మ గొంతు కాస్త పెరగగానే చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు. ఆ తగువులు ఏనాడూ పూర్తి కాలేదు.

ఒకసారి దుకాణాల సంఘం వాళ్లు, గుండె ఆగిన మనిషికి ఏం చెయ్యాలో అందరికీ నేర్పించారు. ప్లాస్టిక్ బొమ్మ మీద మావయ్యే అందరికంటే బాగా చేశాడు. రొమ్ము మధ్యలో అరచెయ్యి, దాని మీద రెండోది, మోచేతులు వంచకుండా, నిమిషానికి వందకు పైగా. నేర్పినాయన మెచ్చుకున్నాడని వారం రోజులు నేల మీద నడవలేదు.

"బావా, ఇక నువ్వు నిశ్చింతగా పడిపో. నేనున్నాగా" అనేవాడు.

"ముందు ఆ కిటికీ అద్దం సంగతి చూడు" అనేవాడు నాన్న.

నాన్న మధ్యాహ్నం మూడింటికి పడిపోయాడు. ఫ్రేము కొలుస్తూ కొలుస్తూ బల్ల పక్కన ఒరిగిపోయాడు. పిలిస్తే పలకలేదు. ఉండుండి ఒక ఎగశ్వాస, అంతే. నేను అంబులెన్సుకి ఫోన్ చేసి చెవి దగ్గర పెట్టుకున్నాను. మావయ్య మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టాడు. బాగానే చేశాడు, అది ఒప్పుకోవాలి.

పదోసారో పదకొండోసారో నాన్న రొమ్ములో పటుక్కుమంది. మావయ్య చేతులు పైకి లేచిపోయాయి.

"ఏదో విరిగింది" అన్నాడు.

"విరిగినా పర్లేదంట మావయ్యా. ఫోన్లో ఆవిడ ఆపొద్దంటోంది."

"విరిగిందే తల్లీ. నా చేతికి తెలిసింది."

ఆ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కిందికి దిగవు. నేను అరిచాను, తిట్టాను, బతిమాలాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. చివరికి పక్క కొట్టు దర్జీ పరుగెత్తుకొచ్చి, మావయ్యని పక్కకు నెట్టి, అంబులెన్సు వచ్చేదాకా తను నొక్కాడు.

ఆసుపత్రిలో నాన్న గుండె మళ్లీ కొట్టుకుంది. నాన్న మాత్రం కళ్లు తెరవలేదు. నాలుగో రోజు పోయాడు. "గట్టిగా నొక్కితే పక్కటెముకలు విరుగుతుంటాయి, తర్వాత అతుక్కుంటాయి. రక్తం అందకపోతే మెదడే తట్టుకోలేదు" అంది డాక్టరమ్మ. మావయ్య గోడకు ఆనుకుని అంతా విన్నాడు. ఆయన మీద నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. నెల్లాళ్లు మాట్లాడలేదు.

తర్వాత ఒకరోజు దుకాణంలో ఆయనే అడిగాడు.

"నేనెంతసేపు ఆపానే?"

"రెండు నిమిషాల పైనే" అన్నాను. నొప్పి పుట్టాలనే అన్నాను.

తలూపాడు. "నువ్వు ఫోనన్నా చేశావు. నాది పాపిష్టి చెయ్యి."

ఆ రెండు నిమిషాలూ ఫోన్లో ఆవిడ నాకు ఒకటే మాట చెప్పింది. "ఆయన్ని వదిలెయ్యండమ్మా, మీరు నొక్కండి." నాలుగుసార్లు చెప్పింది. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఈ సంగతి మావయ్యకి తెలియదు, అప్పుడు కూడా నేను చెప్పలేకపోయాను.