ప్యూపాకి కాపలా

మా బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. దేని గురించి అడిగినా, అది ఏ దశలో ఉందో చెబుతాడు.

"అన్నం ఉడికిందేమో చూడవయ్యా" అని అమ్మ అంటే, "గొంగళి దశ వదినా, ఇంకా నీళ్లు తాగుతోంది" అంటాడు. ఆఫీసులోనూ అంతే.

"ఆ ఫైలు ఏమైందయ్యా?"

"ప్యూపా దశ సార్. పైకి కదలదు గానీ, లోపల బ్రహ్మాండంగా పని జరుగుతోంది."

ఆఫీసరు అదే ముక్క పై ఆఫీసుకి రాసి పంపితే, వాళ్లూ ఒప్పుకున్నారట.

దీనికంతటికీ కారణం గోరంత నీలం సీతాకోకచిలుక. గడ్డిలో మన చెప్పుల పక్కనే ఎగురుతుంది, ఎవరూ చూడరు. బాబాయి మాత్రం ఇస్త్రీ చొక్కాతోనే బోర్లా పడుకుని భూతద్దం పెడతాడు. దారినపోయేవాళ్లు రెండుసార్లు అంబులెన్సు పిలిచారు.

"ఇదేం రకం బాబాయ్?"

"పైన నీలం చూసి పేరు పెట్టేయడమేనా? ఆ నీలం చాలావాటికి ఉంటుంది. రెక్కలు మూయనీ. అడుగున చుక్కల్ని బట్టి చెప్పాలి."

ఓసారి పులిచింతాకు మీద దాని గుడ్డు చూపించాడు. ఆవగింజలో సగం లేదు. భూతద్దంలో చూస్తే దాని మీద ఎంత అల్లిక! నోట్లో చీమ దూరేదాకా నేను నోరు మూయలేదు.

డ్రాయింగు టీచరు పరీక్ష మూడోసారీ తప్పినప్పుడు, ఇక జన్మలో బొమ్మ వెయ్యనని కుంచెలు విరిచేసి, గదిలో గడియ పెట్టుకున్నాను. అన్నం కూడా కిటికీలోంచే. నాన్న తలుపు బాదుతుంటే బాబాయి గొంతు వినిపించింది.

"బాదకన్నయ్యా! ప్యూపా దశ. ఇప్పుడు గెలికితే మొదటికే మోసం."

"ఎన్నాళ్లురా?"

"అది దాని ఇష్టం."

తర్వాత కిటికీలోంచి నాకో గాజుసీసా అందించాడు. అందులో ఆకుకి అంటుకుని వడ్లగింజంత ఆకుపచ్చ ముద్ద. "నాకు ఆఫీసుంది. దీన్ని కాస్త చూస్తుండు."

ఏడో రోజు పొద్దున ఆ గింజ నల్లబడి చిట్లింది. తడి పేలికలాంటిదేదో కాళ్లు తన్నుకుంటూ బయటికొచ్చింది. నలిగిన ఆ పేలిక నా కళ్లముందే సాగి సాగి రెక్కలైంది. ఇంత గింజలో అదంతా ఎలా పట్టింది? ఎవరు మడతపెట్టారు? పంతం సంగతే మరిచిపోయి, సీసా పట్టుకునే "బాబాయ్!" అని అరుస్తూ తలుపు తీసేశాను.

ఎదురుగానే స్టూలు మీద ఉన్నాడు, మాసిన గడ్డంతో.

"ఆఫీసుందన్నావ్?"

"సెలవు పెట్టాను."

"ఏమని?"

"ఇంట్లో ప్యూపా ఉంది, కాపలా కావాలని."

అమ్మా నాన్నా పరుగెత్తుకొచ్చారు. "వచ్చావా తల్లీ! మళ్లీ పరీక్షకి ఎప్పుడు కడతావ్?" అన్నాడు నాన్న.

బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగన్నయ్యా. రెక్కలన్నా ఆరనీ."

వాళ్లిద్దరూ సీసాలోకి తొంగిచూశారు. బాబాయి నా చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టాడు.