చుక్క, గీత

చుక్క పెడుతుంది. ఏటవాలు గీత పెడుతుంది. జంకుగా వేలు ఎత్తి చున్నీ అంచుకు తుడుచుకుంటుంది. ఆ తర్వాతే కరుణ కీబోర్డు మీద మిగిలిన మాట కొడుతుంది. నాలుగేళ్లుగా ఇంతే.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, కింద ప్లాట్లు అమ్మే ఆఫీసు, పైన కరుణ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఊళ్లలో పాలు కొనే కేంద్రాలకు, పాల లెక్క రాసుకునే యాప్ చేస్తారు. రాసిన కోడ్‌ను ఫోన్‌లో నడిచే యాప్‌గా కట్టేది బిల్డ్ టూల్. చుక్క, గీత పెట్టి పిలిస్తే ప్రాజెక్టు ఫోల్డర్‌లోని చిన్న స్క్రిప్టు లేస్తుంది. అది ఏ కంప్యూటర్‌లోనైనా ముందే అనుకున్న వెర్షన్ టూల్‌నే తెచ్చి పని చేయిస్తుంది. అవి లేకుండా పిలిస్తే, ఆ కంప్యూటర్‌లో ఎవరు ఏ టూల్ వేసి ఉంటే అది నడుస్తుంది. ఈ సంగతి కరుణ టీం లీడ్ దేవేందర్‌కు ఎన్నిసార్లు చెప్పిందో.

"నీ చుక్కకు కొబ్బరికాయ కొట్టాల్నా కరుణా?" అని నవ్వేవాడు.

సోమవారం ఆమె అన్నానికి పోయినప్పుడు అతను యాప్ కట్టే కంప్యూటర్, బిల్డ్ మెషిన్ ముందు కూర్చున్నాడు. అందులో తాను వేసిన కొత్త టూల్‌తో, చుక్కా గీతా లేకుండా, యాప్ కట్టి కేంద్రాలకు పంపేశాడు. మంగళవారం తెల్లారేసరికి కేంద్రాల్లోని పాత ఫోన్లలో యాప్ తెరుచుకోలేదు. "నా ఫోన్ల మంచిగనే నడుస్తుంది" అని పగలంతా అంటూనే ఉన్నాడు. యాప్ ఎవరు పంపారో రాసే రిలీజ్ కాగితం మీద మాత్రం ఎప్పటిలాగే కరుణ పేరుంది.

"తప్పు నాదే అని మెయిల్ రాయి. రేపు పొద్దుగాల ఓనర్ సార్‌కు ముట్టాలె," అన్నాడు సాయంత్రం దేవేందర్.

"నేను చెయ్యలే గద అన్నా."

"పేరు నీదే ఉంది గద. జర సోచాయించు. ఈ నెలనే నిన్ను పర్మినెంట్ చేసేది. సంతకం పెట్టేది నేను."

ఆమె చెవులు భగ్గుమన్నాయి. తను పెట్టిన ప్రతి చుక్కనూ వెక్కిరించినవాడు, ఇప్పుడు ఆ చుక్క పెట్టనిది తనేనని ఒప్పుకోమంటున్నాడు.

ఇంటికి పోతే తల్లి నాగులమ్మ ఖాళీ పాల క్యాను బోర్లించి కూర్చుంది.

"ఏం యాపు జేసిన్రే మీరు? కేంద్రంల తీసుకోలే. పాలన్నీ ఇంటికి మోసుకొచ్చిన. ఇరిగిపోయినయ్. ఎవని చేతులో గవి, మన్నువడ!"

"నా చేతులని రాసియ్యమంటున్రు అమ్మా."

నాగులమ్మ తలెత్తింది. "నువ్వు జేసినవా?"

"లే."

"మరి రాస్తందుకు నీకు చెయ్యెట్లొస్తది?"

కరుణ కంచంలో అన్నం కలిపింది, కలిపింది. తినకుండానే చెయ్యి కడుక్కుంది.

తెల్లారి అందరికంటే ముందు ఆఫీసుకు పోయింది. సోమవారం నాటి బిల్డ్ లాగ్, యాప్ కట్టినప్పుడు మెషిన్ తనంతట తానే రాసుకునే చిట్టా, తెరిచింది. మొదటి మూడు వరుసలు: టూల్ వెర్షన్, నడిపిన సమయం, నడిపినవారి పేరు. మూడో వరుసలో దేవేందర్. ఆ మూడింటినీ ఉన్నవున్నట్టు సార్‌కూ, ఆఫీసులో అందరికీ పంపింది. కింద ఒక్క మాట కూడా రాయలేదు. తర్వాత దేవేందర్ వేసిన టూల్‌ను బిల్డ్ మెషిన్ నుంచి తీసి పారేసింది. ఇక చుక్కా గీతా లేకుండా ఎవరు పిలిచినా అందులో పలికేది లేదు.

సాయంత్రం పాలకు యాప్ అందాలి. చుక్క పెట్టింది. గీత పెట్టింది. వేలు తుడుచుకోలేదు. మిగిలిన మాట కొట్టింది.