ఒకటో నంబరు కాపీలో పద్నాలుగో అధ్యాయం

హత్యలు, మాయమైన శవాలు, విషం కలిపిన టీలు మీరు చాలానే చదివి ఉంటారు. ఇప్పుడు నేను చెప్పబోయేది వాటన్నిటికంటే ఘోరం. ఇందులో చచ్చింది నా పరువు, చంపింది నేనే, సాక్ష్యాన్ని ప్లాస్టిక్ కవర్లో మూడేళ్ళు భద్రంగా దాచిపెట్టిందీ నేనే. ఇంత సులువైన కేసు ఏ డిటెక్టివ్‌కీ దొరికి ఉండదు.

అప్పట్లో నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తూ ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండేవాణ్ణి. అందరి మంచాల కింద సూట్‌కేసులుంటే నా మంచం కింద క్రైమ్ నవలలుండేవి. కొత్తది ఏది వచ్చినా మొదటి ముద్రణ, రచయిత సంతకంతో సహా నా దగ్గర ఉండి తీరాల్సిందే. మరి చదివేవాడివా అని మాత్రం అడక్కండి. పుస్తకం పూర్తిగా తెరిస్తే వెన్ను మీద గీత పడుతుంది. గీత పడితే విలువ పోతుంది. అందుకని బొటనవేలంత సందు చేసి మొదటి పేజీ, చివరి పేజీ తొంగి చూసేవాణ్ణి. ఎవరు పోయారో, ఎవరు చంపారో తెలిసిపోయేది. మధ్యలోని మూడొందల పేజీలూ రచయిత తన ఆనందం కోసం రాసుకున్నవని నా ఘనమైన అభిప్రాయం. ఈ పాండిత్యంతోనే హాస్టల్లో పెద్ద విమర్శకుడిగా చలామణీ అయిపోయాను.

పాపం, ఖలీల్ భాయ్‌కి ఈ సంగతి తెలీదు. పంజాగుట్టలో ఫ్లైఓవర్ పక్క సందులో ఆయనకి కళ్ళద్దాల దుకాణం ఉంది. నా కళ్ళజోడు అక్కడిదే. మధ్యాహ్నం బేరాల్లేని వేళ కౌంటర్ దగ్గర కూర్చుని నాలుగేళ్ళ పాటు ఒక హత్యానవల రాశాడు. పూర్తవగానే నన్ను పిలిచాడు.

"తమ్ముడూ, నువ్వు మస్తు చదువుతవ్ గదా. ప్రెస్సుకు ఇచ్చే ముందు ఒక్కడు చదవాలె. గా ఒక్కడు నువ్వే."

"నేనా భాయ్?"

"మధ్యల జర డౌటున్నది. పద్నాలుగో అధ్యాయంల ఏదో తేడా కొడుతున్నది, ఏందో దొర్కుతలేదు. మంచిగ చదివి చెప్పు. ఒకటో నంబరు కాపీ నీకే."

ఒకటో నంబరు! ఆ తర్వాత ఆయనేమన్నాడో నా చెవిన పడితే ఒట్టు. ఆయన రాతప్రతినీ, నా కోర్సు నోట్సునీ అమీర్‌పేటలో ఒకే జిరాక్స్ సెంటర్లో ఇచ్చి, కాపీలు తీయించి, రెండింటికీ స్పైరల్ బైండింగ్ చేయించాను. అక్కడి గుంపు మీకు తెలిసిందేగా, కౌంటర్ దాకా చెయ్యి వెళ్తుంది గానీ మనిషి వెళ్ళలేడు. రెండు పుస్తకాలూ సంచిలో పడేసుకుని వచ్చేశాను. నవల మొదటి పేజీ చూశాను, రిటైర్డ్ లెక్చరర్ పోయాడు. చివరి పేజీ చూశాను, సొంత తమ్ముడే చంపాడు. వారం రోజులు ఊరికే ఆగి, కళ్ళు కాస్త నలుపుకుని, అసలు రాతప్రతి, స్పైరల్ కాపీ రెండూ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

"చదివినవా?"

"చదవడమేంటి భాయ్, కూర్చున్నవాణ్ణి లేస్తేగా!"

"మరి మధ్యల?"

"ప్రాణమంతా అక్కడే ఉంది. గుండె ఆగినంత పనైంది."

"పద్నాలుగో అధ్యాయం?"

"అది లేకపోతే నవలే లేదు. ఒక్క అక్షరం కూడా మార్చకండి."

భాయ్ పేజీలు తిప్పుతూ మధ్యలో ఒకచోట ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా పొగడ్తకి ఆయన కళ్ళు చెమర్చాయని మురిసిపోయాను.

"ఒక్క అక్షరం సుత మార్చొద్దంటవ్?"

"ఒక్కటి కూడా!"

"సరే తమ్ముడూ. గీ కాపీ నాకాడనే ఉండనీ."

నవల వచ్చింది. ఒకటో నంబరు కాపీ నా చేతికొచ్చింది. అందరివీ మామూలు సైజు. నాది మాత్రం పెద్ద సైజు, గట్టి బైండు, పైన సీలు వేసిన ప్లాస్టిక్ కవరు! "స్పెషల్, నీ ఒక్కనికే" అన్నాడు భాయ్. సీలు విప్పితే విలువ పోదూ? మూడేళ్ళలో నాలుగు హాస్టళ్ళు మారాను, దాన్ని మాత్రం పసిపిల్లలా మోశాను. ఈలోగా చదివినవాళ్ళు దుకాణానికొచ్చి భాయ్‌ని ఆటపట్టించసాగారు. పదమూడో అధ్యాయంలో ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు ముక్కలైంది. పద్నాలుగులో అదే ఇన్‌స్పెక్టర్ మసక వెలుతురులో చీమంత అక్షరాల చీటీ గడగడా చదివేశాడు. "అద్దాలమ్మేటోనివి, అద్దాలే మరిచినవా భాయ్?" అని ఒకటే నవ్వులు. ఆయన పక్కన నిలబడి నేనూ నవ్వాను.

భాయ్ రెండో నవల ఆవిష్కరణ పంజాగుట్టలోనే ఒక చిన్న హాల్లో జరిగింది. హాలు నిండా పాఠకులు, నాలాంటి సేకరణ పిచ్చివాళ్ళు. వాళ్ళకి చూపించుకోవడానికి నా ఒకటో నంబరు కాపీని చంకన పెట్టుకుని వెళ్ళాను. భాయ్ మైకు అందుకున్నాడు.

"నా ఫస్ట్ రీడర్ వచ్చిండు. ఒకటో నంబరు తెచ్చినవా తమ్ముడూ? పద్నాలుగో అధ్యాయం జర చదువు."

"సీలుంది భాయ్..."

"తియ్యి."

కవరు చింపాను. లోపల అచ్చు లేదు, భాయ్ చేతిరాత జిరాక్సు ఉంది. మధ్యలో తెరిచి, గొంతు సవరించుకుని, గంభీరంగా చదివాను: "బగ్ లైఫ్ సైకిల్. మొదటి దశ, న్యూ. రెండో దశ, అసైన్డ్..."

పేజీ తిప్పాను. మళ్ళీ బగ్గులే. నలభై పేజీలూ నా కోర్సు నోట్సే! నా మొదటి ఇంటర్వ్యూలో సరిగ్గా ఇదే అడిగితే నోరెళ్ళబెట్టి వచ్చేశాను.

"భాయ్, ఇదేంటి..."

"జిరాక్సోడు కలగాపులగం చేసిండు. నువ్వు తెచ్చిచ్చిన కాపీకే బైండు కొట్టించిన. ఒక్క అక్షరం సుత మార్చొద్దంటివి గదా? మార్చలే."

హాలు విరగబడి నవ్వింది. భాయ్ నవ్వలేదు. మైకు కిందికి దించి నాకొక్కడికే వినపడేలా అన్నాడు: "నాలుగేండ్లు రాసిన తమ్ముడూ. చదవలేదని చెప్తే ఏమన్న అంటుంటినా? నీ తర్వాత ఇంకొకల్ని అడగబుద్ధి కాలే. గట్లనే ప్రెస్సుకు ఇచ్చిన."

హాలంతా నవ్వినప్పుడు పోయింది పరువే. ఈ మాటకి మాత్రం నిజంగా సిగ్గుతో చచ్చాను.

గదికొచ్చి, ఎన్నడూ తెరవని నా కోర్సు నోట్సు బయటికి తీశాను. మధ్యలో నలభై పేజీలు ఖలీల్ భాయ్ దస్తూరీ. పద్నాలుగో అధ్యాయం అక్కడుంది. జీవితంలో మొదటిసారి ఒక నవల మధ్యభాగం చదివాను. చాలా బాగుంది. ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు తప్పు రెండో పేజీలోనే కనపడింది. పట్టుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కాబట్టి సభాముఖంగా, ఆ నలభై పేజీల మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై వెన్ను విరిగినా సరే, పుస్తకాన్ని పూర్తిగా తెరుస్తాను. పొగిడినా తిట్టినా మధ్య పేజీలన్నీ చదివాకే నోరు విప్పుతాను. ఇక, మొదటి పేరా చదివి తిన్నగా ఇక్కడికి దూకిన మహానుభావులారా, మీరెవరో నాకు బాగా తెలుసు. మర్యాదగా వెనక్కి వెళ్ళి చదువుకుని రండి.