ఎడమ కాలి బ్రేకు

ముదిగుబ్బ దాటాక గొర్రెల మంద అడ్డొచ్చి బస్సు నెమ్మదించింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఎడమ కాలితో నేలను గట్టిగా తొక్కాడు. డ్రైవరు బ్రేకు వేసిన ప్రతిసారీ ఆయనది అదే వరస.

"కాలు నొప్పా, పెద్దన్నా?" అని అడిగాను.

"నొప్పి కాదప్పా, అలవాటు. మా నాయన కాలంనాటి ఇంగ్లాండు మోటారుసైకిలు ఉండాది మా ఇంట్లో. దానికి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. తుపాకులు చేసే కంపెనీ అంట, తర్వాత బండ్లకు దిగింది. ఎప్పుడో మూతపడింది. ఇప్పటి బండ్లకు అంతా తిరగామరగా."

కిటికీలోంచి ఎండిన వేరుశనగ చేలను కాసేపు చూశాడు.

"నా కొడుక్కి దాని మీదనే నేర్పిస్తి. పోయినేడు వాడు కొత్త బండి కొన్నాడు. సోమందేపల్లె కాడ లారీ అడ్డమొచ్చింది. 'బ్రేకు తొక్కినా నాయనా' అన్నాడు ఆసుపత్రిలో. అదే వాని ఆఖరి మాట. వాడు తొక్కింది గేరు."

ఆయన తన ఎడమ కాలి వంక చూసుకున్నాడు.

"చేసినోళ్లే మర్చిపోయిన బండప్పా అది. వాని కాలు మర్చిపోలేదు."

తర్వాతి స్టాపులో ఆయన దిగిపోయాడు.

నాకు మోటారుసైకిలు నడపడం రాదు. అయినా ఇప్పటికీ బస్సు బ్రేకు వేస్తే, నా ఎడమ కాలు నేలను తొక్కుతుంది.