మూలుగుకు యాస లేదు

ఈమధ్య మా మొక్కజొన్న చేనుకు మందు కొట్టడానికి డ్రోను తెప్పించారు. అది తలమీద జుయ్యిమనగానే నేను గంప వదిలేసి గట్టు కింద కూర్చున్నాను. కోడలు నవ్వింది. నవ్వనీ. ఒకసారి నిజం విమానమే ఆ చేనులో పడిందని ఆమెకేం తెలుసు? నాకైతే విమానంకంటే ముందు దేవవ్వ గుర్తొస్తుంది.

దేవవ్వ కూలి గుంపుకు పెద్ద. తనకు జానెడు భూమి లేదు. ఆదివారం చర్చికి పోయేది, మిగతా ఆరు రోజులు మా చేలల్లో కలుపు తీసేది. ఒక్క గడ్డిపోచ మిగిలినా నేను గట్టుమీద నిలబడి అరిచేదాన్ని. "పటేలమ్మా, నువ్వు సూస్తె గడ్డి భయపడది. దిగి పీకాలె" అనేది. నాది మూడో తరగతి చదువు, ఆమెకు అదీ లేదు. అయినా చివరి మాట ఎప్పుడూ ఆమెదే.

తెలంగాణ కోసం రోడ్లమీద వంటావార్పులు చేసిన రోజులవి. రుద్రంగి నుంచి కోరుట్ల పోయే దారిలో రాళ్లు అడ్డం పెట్టి, మధ్యలో పొయ్యి వెలిగించి పప్పు ఉడికిస్తున్నాం. ముసురు పట్టిన పొద్దు. మబ్బులోంచి చిన్న విమానం ఒకటి దిగి, మా చేనును అడ్డంగా కోసుకుంటూ పోయి బోర్లా పడింది. "రోడ్డు బందువెడితె మీదికెల్లి వస్తున్రా!" అని మావాళ్లు అరిచారు. లోపల ఒక్కడే మనిషి. కాలు విరిగింది, నెత్తురు ధార కడుతోంది. "సిరిసిల్ల దాటాక ఎత్తు చూపించే ముల్లు ఆగిపోయినట్టుందండీ. ఇంకా చాలా పైనే ఉన్నాననుకున్నాను" అన్నాడు. "ఎవరివి? ఏ ఊరు? నా మక్కల మీదనే పడాల్నా?" అని నేను నిలదీశాను. దేవవ్వ అప్పటికే తన కొంగు చింపి అతని కాలికి కడుతోంది. "ముల్లు ఆగితె కిటికీలకెల్లి సూడరాదు కొడుకా?" అని అతణ్ని, "నువ్వు నోరు ఆపి మంచం పట్కరాపో" అని నన్నూ కసిరింది.

అంబులెన్సుకు ఫోన్ చేశాం గానీ మాదాకా రాదు. అది పక్క ఊరివాళ్లు వేసిన అడ్డు అవతలే ఆగిపోయింది. అక్కడిదాకా మంచంమీద మోయాలి. నెత్తురు ఆగడం లేదు. పైగా ఆ 'అండీ' వాళ్ల చెవిన పడితే పోనిస్తారో లేదో. దేవవ్వ అతని చెవి దగ్గర వంగింది. "మాట్లాడకు కొడుకా, మూల్గు. మూల్గుకు యాస ఉండది."

మంచి దుప్పటి నెత్తురుపాలు ఎందుకని, తడవకుండా నేను యూరియా సంచులు కుట్టిన పట్టా ముఖందాకా కప్పాను. అదే కొంప ముంచింది. అడ్డు దగ్గర వాళ్లు దిష్టిబొమ్మ శవయాత్ర కోసం కాచుకుని ఉన్నారు. మమ్మల్ని చూడగానే డప్పులు మోగాయి. "బొమ్మను మస్తు జేసిన్రు, అచ్చం మనిషి లెక్కనే ఉన్నది!" అంటూ ఒకడు కిరోసిన్ సీసా మూత తీశాడు.

బొమ్మ లేచి కూర్చుంది. "వద్దండీ బాబూ!"

డప్పులు ఆగాయి. సీసావాడు నాలుగడుగులు వెనక్కి దుమికాడు. భయం తీరాక అతనికి మాట అర్థమైంది. "ఆంధ్రోడా?"

"కాలిరిగినోడు" అంది దేవవ్వ. "గా సీసా కింద వెట్టి గీ మంచం కోడు వట్టు. నా భుజం పోతున్నది."

అతను ఆమెను చూశాడు, మంచంలోంచి కారుతున్న నెత్తురును చూశాడు. సీసా దించి కోడు పట్టాడు. దారి ఇవ్వమంటూ డప్పులు ముందు నడిచాయి. పైలట్ మాత్రం, ఇక అక్కర్లేదన్నా వినకుండా, అంబులెన్సు తలుపు మూసేదాకా మూలుగుతూనే ఉన్నాడు. బతికాడని రెండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

దేవవ్వ ఇప్పుడు లేదు. నా వాకిట్లోకి ఎవరు పడుతూ లేస్తూ వచ్చినా 'ఎవరివి, ఏ ఊరు' అన్న మాట నోటిదాకా వస్తుంది. మింగేసి, ముందు మంచం వాలుస్తాను. తర్వాత అన్నీ అడుగుతాను, అడగకుండా వదలను. నా బుద్ధిని ఆమె మార్చలేదు. వరుస మార్చింది.