బురుజుల బొమ్మ చూసి కాలేజీ

నాకు అరవై దాటాక అక్షరాలు వచ్చాయి. ఇప్పటికీ వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతాను. ఇంట్లో చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు, మనవరాలు ఇంటర్ కాగానే ఇంగ్లండులో చదువుతానంది. డిగ్రీకి ముందు అక్కడ ఒక ఏడాది ఫౌండేషన్ చదవాలట. పిల్ల ఓ కొత్త యూనివర్సిటీ చూసుకుంది. నా కొడుక్కి నచ్చలేదు. వాడికి పాతది, రాతి బురుజులున్నది కావాలి. ఎందుకంటే ఎల్లారెడ్డి చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాలి. మా వైపు పిల్లలు కాలేజీలో కాలు పెట్టకముందే ఫ్లెక్సీకెక్కుతారు. శుభాకాంక్షలు చెప్పే చుట్టాల ముఖాలు వాళ్ల ముఖం కంటే పెద్దవి.

ముగ్గురం కామారెడ్డిలో ఓ కన్సల్టెన్సీకి పోయాం. టై కట్టుకున్న ఏజెంటు రెండు యూనివర్సిటీల గురించి తెలుగులో అచ్చువేసిన కాగితాలు ముందు పెట్టాడు. వారం కిందట నా కొడుక్కి ఇచ్చినవే.

“గీ కొత్తదాన్ని ఎవడు గుర్తువడతడు? అద్దాలు జూస్తే చీరల దుకాణం లెక్కున్నది,” అన్నాడు కొడుకు.

“నేను సదివేది చౌరస్తల కాదు బాపూ,” అంది పిల్ల.

“నువ్వు నోర్మూయ్. సార్, బురుజులదే రాయుండ్రి.”

ఏజెంటు ముఖం వెలిగింది. వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను బురుజుల బొమ్మున్న కాగితం మీద వేలు పెట్టాను. నాలాంటి వాళ్లకు ఒక్క ముక్క వదిలి చదవడం రాదు. అడుగున చీమలంత అక్షరాలున్నాయి. ఫౌండేషన్ పాసైనా డిగ్రీ సీటుకు హామీ లేదు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్తదాని కాగితం కూడా చదివాను. అడిగిన మార్కులొస్తే అక్కడే డిగ్రీలోకి తీసుకుంటారు.

“ఏం సారూ, ఏడాది సదివినంక నా మనుమరాలిని బయట నిలవెడ్తరా?”

“అట్ల కాదమ్మా, మామూలుగా సీటు వస్తది.”

“గదే రాసియ్యి.”

రాసివ్వలేదు. మంచినీళ్లు తాగాడు.

నా కొడుకు డిగ్రీ చదివాడు. ఈ బురుజుల కాగితం వారం రోజులు జేబులో పెట్టుకుని ఊరంతా చూపించాడు. చూపించింది బొమ్మ ఒక్కటే.

“బురుజుల బొమ్మతోని ఫ్లెక్సీకి జెప్పిన అవ్వా,” అన్నాడు వాడు మెల్లగా.

“అయితె నువ్వే పో. గా బురుజు మీద కూసో.”

పిల్ల ఫారం తన వైపు లాక్కుని కొత్తదాని పేరు రాసింది. తండ్రి సంతకం కావాలి. పెన్ను వాడి చేతిలో పెట్టాను. చుట్టాలకు ఏం చెప్పాలని గొణుగుతూనే గీశాడు.

“మార్కులు రాకపోతె గీడ గూడ సీటు రాదు. గదీ రాసున్నది,” అన్నాను పిల్లతో.

“రెండూ మొన్ననే సదివిన నానమ్మా. జెప్తె ఇంటడా బాపు?”