ఎడమ పట్టీ పైకి

2022వ సంవత్సరం. దుబాయ్ సత్వాలో మా లేడీస్ టైలరింగ్ షాపు. మాది రాయచోటి. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడే జాకెట్లు, అబాయాలు, పెళ్లి గౌన్లు కుడుతున్నాను. ఒకరోజు సాహితి అనే కాలేజీ అమ్మాయి వచ్చి, ఫోన్‌లో బొమ్మ చూపించి, "అంకుల్, ఇది కుట్టగలరా?" అంది.

జపాన్ బొమ్మల కథలో కత్తి పట్టిన వీరనారి బొమ్మ అది. అభిమానులు అలాంటి పాత్రల వేషం కట్టి వేదికెక్కుతారనీ, దాన్ని కాస్‌ప్లే అంటారనీ ఆ పిల్లే చెప్పింది.

"అంటే మన పగటివేషాలు గదా!" అన్నాను.

"మా నాన్న కూడా అదే అంటారు. కాకపోతే వెక్కిరిస్తూ."

వాళ్లది విజయవాడ. నాన్న ఇంజనీరు. మూడేళ్లు బతిమాలితే ఈసారి పోటీ చూడ్డానికి వస్తానన్నాడట. ఆ మాట చెప్తుంటే పిల్ల మొహం వెలిగిపోయింది. దీన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని కుట్టాలని అప్పుడే అనుకున్నాను.

ఆ వీరనారి వేసుకున్నది కిమోనో, జపాన్ వాళ్ల పొడవాటి అంగీ. ముందువైపు రెండు పట్టీలు ఒకదానిమీద ఒకటి వస్తాయి. పైకి కనపడే పట్టీ మీద పద్దెనిమిది తెల్ల కొంగలు అప్లిక్ చేశాను, అంటే గుడ్డలో బొమ్మలు కత్తిరించి అతికించి కుట్టడం. ఆడవాళ్ల బట్టకు కుడి పట్టీ పైకి రావాలన్నది మా చేతికి పట్టిన పాఠం. బొమ్మలో మాత్రం ఎడమది పైనుంది. సెల్ఫీలు తిరగబడ్డట్టు ఇదీ తిరగబడిందిలే అనుకున్నాను. ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు.

పోటీ రేపనగా మధ్యాహ్నం ట్రయల్. సాహితి తొడుక్కుని అద్దం ముందు నిలబడి, పట్టీ అంచు పట్టుకుని చూసింది.

"అంకుల్... కుడిది పైకొచ్చింది."

"ఆడోళ్లకు అంతే గదమ్మా."

"జపాన్‌లో ఎవరికైనా ఎడమదే పైకి అంకుల్. కుడిది పైకి కట్టేది శవానికే." కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "జడ్జీల్లో జపాన్ మేడం కూడా ఉన్నారు. నేను వెళ్లను."

బయట కారులో కూర్చున్న వాళ్ల నాన్న విసుగ్గా లోపలికొచ్చాడు. సంగతి విని, "ఏ పక్కదైతే ఏంటమ్మా? ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

శవం అన్న మాటకు నాకు షఫీ గుర్తొచ్చాడు. రెండేళ్ల కింద మా రూమ్‌లో ఉండే అతను గుండె ఆగి పోతే, శవానికి చుట్టే కఫన్ గుడ్డ కత్తిరించి చుట్టింది నేనే. ముందు ఎడమ అంచు, దాని మీద కుడి అంచు.

"సార్, మా కఫన్‌కు కూడా కుడి అంచే పైకొస్తాది," అన్నాను. "తెలీక కుట్టినా. తెలిసినాక ఈ పాపకు ఇది తొడిగి పంపలేను. తప్పు నాది."

ఆయన కూతురి వంక చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఏం చెయ్యాలో చెప్పండి మాస్టర్. యల్లా, మొదలుపెడదాం!"

ఊరికే ఎడమది పైకి కట్టుకుంటే కొంగలన్నీ లోపలికి పోతాయి, వాటిని విప్పి ఎడమ పట్టీకి కుట్టాల్సిందే. కుట్లు విప్పే రిప్పర్లు ఇద్దరికీ ఇచ్చాను. తండ్రీకూతుళ్లు బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. "మెల్లగా నాన్నా, కొంగ మెడ తెగుద్ది!" అని ఆమె గదమాయిస్తోంది. "సర్లేవే. అసలు ఈ పిల్లెవరు? ఎవరి మీద కత్తి పట్టింది?" అని ఆయన అడిగాడు. ఆ ప్రశ్న కోసమే మూడేళ్లు కాచుకున్నట్టు సాహితి కథంతా మొదటినుంచి చెప్పింది. పొద్దుగూకి మసీదులో మగ్రిబ్ బాంగు ఇచ్చేసరికి కొంగలన్నీ విడిపోయాయి. సూది గుర్తులు పడ్డ కుడి పట్టీ లోపలికి పోతుంది, అదొక్కటే మా అదృష్టం. రాత్రి ఇషా నమాజుకు ముందే ఎడమ పట్టీ మీద పని ఖలాస్.

బహుమతి రాలేదు. ఆ జపాన్ ఆవిడ మాత్రం దగ్గరికొచ్చి, పట్టీ చూసి, తల వంచి మెచ్చుకుందట. నాన్నే అందరికంటే గట్టిగా ఈల వేశాడట.

పని నేర్పిన ఉస్తాద్‌కు ఎంత రుణపడ్డానో, నా తప్పు చూసి కూడా షాపు వదిలిపోకుండా నాతో కూర్చుని కుట్లు విప్పిన ఆ ఇద్దరికీ అంతే రుణపడ్డాను. చేతికి ఎంత పని వచ్చినా, నోటితో అడగడం మానకూడదని నేర్పింది వాళ్లే.

మరుసటి నెల సాహితి నాన్న ఒక్కడే వచ్చి, చేతులు చాచి నా ముందు నిలబడ్డాడు. "ఆ కథలో ముసలి గురువొకడు ఉన్నాడు మాస్టర్. వచ్చే ఏడు ఆ వేషం నాది. కొలతలు తీసుకోండి."

టేపు అందుకోకముందే అడిగాను. "సార్, ఏ పట్టీ పైకి?"

ఆయన పగలబడి నవ్వాడు. "ఎడమదే మాస్టర్! అప్పుడే నన్ను చంపెయ్యకండి. మా అమ్మాయితో స్టేజీ ఎక్కాలి."